ఏడో తారీఖు ఉత్తరం

మే పద్దెనిమిది, శనివారం అని నా నోట్‌బుక్‌లో ఉంది. ఆ సాయంత్రం మా గని క్వార్టర్ల లైన్‌లో ఇంటింటి ముందు బొగ్గు పొయ్యిలు అంటించారు. పొగ కమ్మి ఎదురు క్వార్టర్ కూడా సరిగ్గా కనిపించడం లేదు. ఆ పొగలోంచే సామ్యేల్ సార్ గొంతు వినిపించింది.

"జల్ది రాండ్రి. మల్ల చెప్తున్నడు."

సామ్యేల్ సార్ గని ఆఫీసులో గుమాస్తా. మా లైన్ మొత్తంలో రేడియో ఉన్నది ఆయన ఇంట్లోనే. అందరం వెళ్ళి ఆయన అరుగు చుట్టూ నిలబడ్డాం. నేను ఎప్పటిలాగే మా అమ్మ వెనుక నిలబడ్డాను. ఆమె పేరు కనకవ్వ, నాకు అవ్వ. మన దేశం భూమి లోపల అణుబాంబు లాంటిది పేల్చిందని, వంద మీటర్లకు పైగా లోతులో పేల్చిందని, అది శాంతి పనుల కోసమేనని రేడియో చెప్పింది.

బొగ్గు టబ్బులు లాగే ఇంజన్ దగ్గర పనిచేసే లింగమూర్తి కాక చప్పట్లు కొట్టాడు. "ఇంక పాకిస్తానోడు మన దిక్కు రావాలంటే ఇంకో లాగు ఎంట తెచ్చుకోవాలె."

అందరూ నవ్వారు. పక్కింటి లస్మవ్వ మాత్రం నవ్వలేదు. "నవ్వు నవ్వు. మన తాన ఉన్నదని ఎరుకైనంక వాడు ఊకుంటడా? వాడు సుత ఒకటి చేస్తడు. చైనోడు ముందే చేసిండట గద. ఏం సారూ?"

"పదేండ్లయింది" అన్నాడు సామ్యేల్ సార్.

"మరింకేంది! అటోడు ఇటోడు బాంబులు పట్టుకోని నిలవడితే నడిమిట్ల మనం బువ్వ వండుకుంటున్నం."

బాపు అంటే మా నాన్న. బాపు పేరు మొగిలి. గనిలో టింబర్‌మన్. బొగ్గు పొరలో షాట్ కొట్టి, అంటే మందు పేల్చి, కూల్చాక కప్పు కింద కర్ర మొద్దులు నిలబెట్టే పని. కప్పు నిలుస్తుందో లేదో చూసి, నిలవకపోతే నిలబెట్టి రావాలి. వార్తలు అయిపోయి పాట మొదలయ్యాక బాపు నెమ్మదిగా అడిగాడు.

"సారూ, పేల్చినంక లోపటికి ఎవలు పోయిండ్రు?"

"ఎక్కడి లోపటికి?"

"గా బొందలకు. షాట్ కొట్టినంక ఎవలన్న పోయి చూడాలె గద."

సామ్యేల్ సార్ రేడియో వైపు చూశాడు, అందులో ఎవరైనా జవాబు చెప్తారేమో అన్నట్టు. "గదేం చెప్పలేదు మొగిలీ" అన్నాడు.

ఇంటికి వచ్చాక బాపు అన్నం కలిపి అలాగే వదిలేశాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. బాపు ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. ఎందుకంటే ఆ ఉత్తరాలు చదివింది నేనే.

మా అన్న బిక్షం రెండేళ్ళు బాపుతో పాటే గనిలో కర్రలు మోశాడు. తర్వాత సైన్యంలో చేరాడు. తవ్వకాలు, వంతెనలు చూసే దళంలో వేశారు. అవ్వకూ బాపుకూ చదువు రాదు. నేను కమాన్‌పూర్ బడిలో ఎనిమిది వరకు చదివాను. అందుకని అన్న ఉత్తరం వస్తే అరుగు మీద కూర్చుని చదివేది నేనే, జవాబు రాసేది నేనే. మా లైన్‌లో ఉత్తరం ఒక్కరిది కాదు. ఎవరికి వచ్చినా అందరూ చేరతారు. నలుగురిలో నా గొంతు బయటికి వచ్చేది ఆ ఒక్కప్పుడే. అప్పుడు కూడా కాగితం మీంచి తల ఎత్తను.

చలికాలంలో వచ్చిన ఉత్తరంలో అన్న ఇలా రాశాడు: 'ఇక్కడ ఎటు చూసినా ఇసుక. మేము లోతుగా ఒక గుంత తీస్తున్నాం. దిగుతున్నకొద్దీ పక్కలు జారుతున్నాయి. ఏం చెయ్యాలో బాపును అడిగి రాయి.' ఎడారి కదా, తాగే నీళ్ళ కోసం అనుకున్నాం. ఆ రోజు లైన్‌లో పెద్ద పంచాయతీ అయింది. ముందు పలకలు దిగగొట్టాలా, ముందు మన్ను తియ్యాలా అని లింగమూర్తి కాక, బాపు గంటసేపు కొట్లాడుకున్నారు. చివరికి బాపు మాటే నెగ్గింది. పలకలు ముందు దిగగొట్టాలి, వాటి వెనుక గడ్డి కూరాలి, ఆ తర్వాతే మన్ను తియ్యాలి. అదంతా నేనే రాసి పంపాను. పలకలు ఎలా పెట్టాలో ఒక బొమ్మ కూడా గీశాను.

తర్వాతి ఉత్తరంలో, 'గుంతలో నీళ్ళు పడ్డాయి. సార్లు తలలు పట్టుకున్నారు. ఆ గుంత వదిలిపెట్టి వేరే చోట మొదలుపెట్టాం' అని ఉంది.

లింగమూర్తి కాక పడీపడీ నవ్వాడు. "ఎడారిల నీళ్ళు పడితే ఏడ్చేటోళ్ళను ఏడన్న చూసినమా! మిలిట్రోళ్ళకు కల్లు పడాలె కావచ్చు."

అప్పుడు నవ్వాం. ఆ శనివారం రాత్రి ఆ మాట గుర్తొచ్చి ఎవరం నవ్వలేదు. నీళ్ళు పడితే పనికిరానిది మందు పెట్టే గుంతేనని గనుల్లో బతికేవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. రెండు రోజుల తర్వాత పేపర్లో రాజస్థాన్ ఎడారి అని వచ్చింది. సామ్యేల్ సార్ పేపరు మడిచి చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాడు.

"మొగిలీ, బిక్షం ఉత్తరాల ముచ్చట ఇంక బయట తియ్యకుండ్రి. వస్తే ఇంట్ల చదువుకోండ్రి. లైన్ల అందరికి నేను చెప్పిన. పాకిస్తాన్ మస్తు కోపం మీద ఉన్నదట, ఎవలు చేసిండ్రు, ఎట్ల చేసిండ్రు అని కూపీ తీస్తరు. మనోళ్ళు సుత ఊకోరు. పోరడు గుంత తోడిన సంగతి ఇంటికి రాసిండని ఎరుకైతే కొలువు పోతది, ఇంకేమన్న గూడ అయితది."

పలకల బొమ్మ గీసింది నేను కదా. అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో?

సామ్యేల్ సార్ వెళ్ళబోతూ, "ఆదివారం ప్రార్థనల బిక్షం పేరు పెట్టిస్త. ఎందుకో చెప్పను, పేరు పెట్టిస్త" అన్నాడు.

అవ్వకు ఈ సంగతుల్లో సగమే అర్థమైందనుకున్నాను. "పేల్చుడు అయిపోయింది గద. ఇంకేం ఫికర్?" అంది. బాపు ఆమెకు ఏమీ చెప్పలేదు. నాకు మాత్రం పంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డప్పుడు చెప్పాడు.

"షాట్ కొట్టినంక ముందుగాల పోయేది మేమే బిడ్డా. పొగ పోనిచ్చి, దీపం పట్టుకోని పోతం. గాలి మంచిగ లేకుంటే దీపంల మంట మారి చెప్తది. వెంటనే మర్లి వస్తం. గా బాంబుకు ఏ దీపం చెప్తది? వాడు కర్ర పని ఎరుకున్నోడు. గందుకే వాణ్ణి పంపి ఉంటరు."

నేను చెప్పగలిగింది ఇంకా భయంకరంగా ఉంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో జపాన్ గురించి ఒక పేరా ఉంది. బాంబు పడిన రోజు దెబ్బ తగలనివాళ్ళు కూడా, బాగానే తిరుగుతున్నవాళ్ళు కూడా, కొన్నాళ్ళకు జుట్టు ఊడి, రక్తం కక్కి చచ్చిపోయారని ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నేను ఐదు మార్కులకు రాశాను. ఆ పేరా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. బిందె నిండి పొర్లుతున్నా పంపు కట్టేయలేదు. లస్మవ్వ అరిచింది.

ఉత్తరాలు రావడం లేదు. రైల్వే సమ్మె మే ఎనిమిదిన మొదలైంది. బొగ్గు ఎత్తుకుపోయే వ్యాగన్లు కదలక గని బయట బొగ్గు కుప్పలు కొండల్లా పెరిగాయి. ఎండకు వాటిలో అవే నిప్పు రాజుకుని పగలూ రాత్రీ పొగలు చిమ్మాయి. రైళ్ళు లేకపోతే టపా ఎలా వస్తుందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ పోస్ట్‌మన్ సైకిల్ మా లైన్ దాటిపోయిన ప్రతిసారీ బాపు లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేవాడు. లింగమూర్తి కాక కూడా పాకిస్తాన్ మీద జోకులు మానేశాడు. మా ఇంటి ముందు నుంచి పోతూ, "ఏమన్న వచ్చిందా మొగిలన్నా?" అని గొంతు తగ్గించి అడిగేవాడు.

సమ్మె ముగిసిన ఐదు రోజులకు, జూన్ ఒకటిన, ఉత్తరం వచ్చింది.

బాపుది ఆ వారం రెండో షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. పోస్ట్‌మన్‌ను చూసి లైన్‌లో అందరూ బయటికి వచ్చారు. కానీ సామ్యేల్ సార్ మాట గుర్తుంచుకుని ఒక్కరూ మా అరుగు దగ్గరికి రాలేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి ఇటే చూస్తున్నారు. ఆ ఎండలో మేము తలుపు మూసుకుని కూర్చున్నాం. అవ్వ కాగితాన్ని కళ్ళకు అద్దుకుని నాకు ఇచ్చింది.

నేను అంచులు చింపి విప్పాను. పైన కుడివైపు తారీఖు ఉంది. 7-5-74.

ఏడో తారీఖు. అంటే పేలుడుకు పదకొండు రోజుల ముందు. సమ్మె వల్ల ఎక్కడో సంచిలో పడి ఉండి ఇప్పుడు వచ్చింది. అన్న అప్పుడు బతికి ఉన్నాడని మాకు తెలుసు. ఇప్పటి సంగతి ఈ కాగితం చెప్పదు.

"చదువు బిడ్డా. ఏందట్ల చూస్తవు?" అంది అవ్వ.

చదివాను. క్షేమం అన్నాడు. ఎండలు మన దగ్గరకంటే ఎక్కువ అన్నాడు. మామిడిపండ్లు గుర్తొస్తున్నాయి అన్నాడు. తర్వాతి రెండు వరుసలు ఇలా ఉన్నాయి: 'గుంత పని అయిపోయింది. మావాళ్ళను చాలామందిని వెనక్కి పంపుతున్నారు. ఇంకొక్క పని ఉందట. దానికి కొందరినే ఉంచుతారట. నన్ను ఉండమన్నారు.'

నా నాలుక ఆ వరుసల మీదికి పోలేదు. 'గుంత పని అయిపోయింది' అని చదివి, కిందికి దిగి, 'అవ్వను పానం మంచిగ చూసుకొమ్మను' అని ముగించాను.

అవ్వ ఏడుస్తూ నవ్వింది. "పని అయిపోయిందట. ఇన్నవా అయ్యా? అయిపోయిందట. ఎన్నడు రాసిండు బిడ్డా?"

ఆమె ముఖం చూశాను. రెండు వారాలుగా తను భయపడటం లేదని చెప్పిన మనిషి. ఆ ముఖం చూస్తే ఇన్నాళ్ళూ ఆమె కూడా భయపడిందని, తెలిసే పైకి అలా అన్నదని నాకు తెలిసింది.

"మే ఇరవై నాలుగు" అన్నాను.

నేను అంతకు ముందు అబద్ధం చెప్పలేదని కాదు. కానీ ఉత్తరంలో ఎప్పుడూ చెప్పలేదు. అవ్వ చక్కెర డబ్బా తీసుకుని తలుపు తెరిచి బయటికి పరుగెత్తింది. "మంచిగున్నడు! నా కొడుకు మంచిగున్నడు!" అని మాత్రం అంటూ ఇంటింటికీ చక్కెర పెడుతోంది.

బాపు చెయ్యి చాపాడు. నేను ఉత్తరం ఇచ్చాను. బాపుకు చదువు రాదనే ధైర్యం. కానీ బాపుకు అంకెలు వచ్చు. తన నంబరు, దీపం నంబరు, టబ్బు నంబరు ఇరవై ఏళ్ళుగా రోజూ చూసిన మనిషి. ఆ సంగతి ఆయన వేలు కాగితం పైమూలకు పోయాక గుర్తొచ్చింది.

చాలాసేపు చూశాడు. "ఇది ఏడు గదనే" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"ఇంకేం ఇడిసిపెట్టినవ్?"

ఆ రెండు వరుసలూ చదివాను. బాపు వింటూ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. బయట అవ్వ గొంతు లింగమూర్తి కాక ఇంటి దాకా పోయింది. కోప్పడతాడనుకున్నాను. ఆయన చొక్కా తొడుక్కుని, గుమ్మంలోంచి, "ఓ కనకవ్వా, పోరి కండ్లు ఎర్రబారినయి. దవాఖానల చూపించుకోని వస్త" అన్నాడు.

దవాఖానకు కాదు, పోస్టాఫీసుకు వెళ్ళాం. తార్, అంటే టెలిగ్రాం, ఇవ్వాలని, జవాబు ఖర్చు కూడా ముందే కడతామని బాపు చెప్పాడు. ఏం రాయాలి అని కిటికీ లోపలి ఆయన అడిగాడు. బాపు నా వైపు చూశాడు. వెనుక పది మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఎట్ల ఉన్నవో వెంటనే చెప్పుమని రాయండి" అన్నాను.

"గట్టిగ చెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను. ఆయన ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేమన్నాడు. ఆ రోజు నోట్‌బుక్‌లో, 'అవ్వకు అబద్ధం చెప్పాను' అని మాత్రం రాసి మూసేశాను.

నాలుగు రోజులు అవ్వ పాటలు పాడుకుంటూ అంట్లు తోమింది. నన్ను ఆ ఉత్తరం మళ్ళీ చదవమంది. పొయ్యి దగ్గర ఉన్నానని తప్పించుకున్నాను. ఐదో రోజు, గురువారం, పన్నెండు గంటల వేళ లైన్ చివర సైకిల్ గంట మోగింది. పోస్ట్‌మన్ వచ్చే వేళ కాదది. ఖాకీ బట్టల కుర్రవాడు కాగితం చూసుకుంటూ, "మొగిలి ఇల్లేది?" అని అడిగాడు.

"ఏంది నాయనా?" అంది అవ్వ.

"తార్."

మా లైన్‌లో ఎవరూ క్షేమమని తార్ ఇవ్వరు. చావు వస్తేనే తార్ వస్తుంది. ఈ సంగతి బాపూ నేనూ పోస్టాఫీసులో ఉన్నంతసేపూ ఎందుకు ఆలోచించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అవ్వ ఉన్నచోటే కూలబడింది. లస్మవ్వ వచ్చి ఆమెను పట్టుకుని, "ఓ కొడుకా, ఓ బిక్షమా" అని శోకం ఎత్తుకుంది. అది విని మరో ఇద్దరు ఏడుస్తూ వచ్చారు. బాపు పొద్దున షిఫ్టుకు పోయి గనిలో ఉన్నాడు. ఇంగ్లీషు చదవగలిగిన సామ్యేల్ సార్ ఆఫీసులో ఉన్నాడు. లింగమూర్తి కాక తార్ చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఇంగిలీషుల ఉన్నది. నేను సారును తోలుకొస్త, జర ఊకోండ్రి" అంటున్నాడు కానీ అక్కడి నుంచి కదలడం లేదు.

నేను ఆయన చేతిలోంచి కాగితం లాక్కున్నాను. ఆరో తరగతిలో మొదలుపెట్టిన ఇంగ్లీషు, అదీ సగం సగం. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కూడబలుక్కున్నాను. మొదటిది అన్న పేరు. రెండో మాట దగ్గర ఆగాను. ఆ నాలుగు అక్షరాలు నేను చాలాసార్లు చూశాను. బాపుకు సద్ది తీసుకుపోయినప్పుడు గని మొగదల గోడ మీద, మనిషంత ఎత్తు ఎర్ర అక్షరాల్లో, సేఫ్టీ అని రాసి ఉంటుంది. దాని మొదటి నాలుగు అక్షరాలే ఇవి. తర్వాత లెటర్ అని ఉంది.

"సేఫ్" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఏడుపు ఆగలేదు.

"సేఫ్ అని ఉన్నది!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దగా నేనే ఎప్పుడూ వినలేదు. "అవ్వా, అన్న మంచిగున్నడు! మంచిగున్నడని ఉన్నది! ఉత్తరం వస్తదట!"

లస్మవ్వ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. లింగమూర్తి కాక గోడకు ఆనుకుని, "సచ్చిన గద బిడ్డా" అన్నాడు. తర్వాత లస్మవ్వను చూసి, "నీ నోట్ల మన్నువడ, చదువకముందే ఎత్తుకుంటివి" అన్నాడు. "నువ్వు జర జల్ది చదువకపోతివి, మగోనివి గద" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ మాత్రం లేవలేదు. నేలమీద నుంచే నన్ను చూసింది.

"మొన్ననే మంచిగున్నని రాసె గద. మల్ల తార్ ఎందుకిచ్చిండు?"

ఇక అబద్ధం మీద ఇంకో అబద్ధం పెట్టడానికి నాకు చేతకాలేదు. అందరి ముందే చెప్పాను. "అది ఏడో తారీఖుది అవ్వా. పేల్చకముందుది. నేనే ఇరవై నాలుగు అన్న. బాపుకు ఎరుకై తార్ ఇచ్చినం."

కొడుతుందనుకున్నాను. లైన్‌లో అందరూ అలాగే అనుకున్నట్టున్నారు. లస్మవ్వ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. అవ్వ లేచి, కొంగు దులుపుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పెట్టెలోంచి ఉత్తరం తీసింది.

"మొత్తం చదువు. ఒక్కటి ఇడిస్తే చూడు మల్ల."

మొత్తం చదివాను. 'ఇంకొక్క పని ఉందట. దానికి కొందరినే ఉంచుతారట. నన్ను ఉండమన్నారు.' అవ్వ ఆ మాటలు మళ్ళీ చదివించుకుంది. మూడోసారి కూడా చదివించుకుంది.

షిఫ్టు దిగి వచ్చిన బాపు గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం మీద బొగ్గు అలాగే ఉంది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. తార్ తీసుకుని పైనున్న అంకెలు చూశాడు. జూన్ అయిదు. మంచం పట్టె మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అవ్వ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగి అడిగింది.

"నాకు ఎందుకు చెప్పలే అని అడుగుత లేను. గది తర్వాత చెప్త నీ సంగతి. వాడు పేల్చినంక లోపటికి పోయిండా?"

"తార్ల గదెట్ల రాస్తడే?"

"రాయి బిడ్డా. పోయినవా లేదా అని అడిగి రాయి."

నేను కాగితం తీశాను. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. గట్ల రాస్తే వాడు కష్టపడతడు. సారు చెప్పిండు గద."

"మరెట్ల ఎరుకైతది?"

"సెలవు మీద వస్తడు గద. రానీ." బాపు చెంబు కింద పెట్టాడు. "ఇరువై ఏండ్ల నుంచి షాట్ కొట్టినంక లోపటికి పోయి వచ్చేటోళ్ళను చూస్తున్న. బయటికి వచ్చినంక ఎట్ల నడుస్తడు, ఎట్ల కూసుంటడు, గాలి ఎట్ల పీలుస్తడు, అన్ని ఎరుకే. వాడు లైన్ల అడుగుపెడితే చాలు, చూసి చెప్త."

అవ్వ తల ఊపింది. నాకు ఆ జపాన్ పేరా గుర్తొచ్చింది. బాగానే నడుస్తూ తిరిగినవాళ్ళు, అని ఉంది అందులో. బాపుకు చెప్పాలా వద్దా అని కలం పట్టుకుని కూర్చున్నాను.

"ఏం రాయాలె మరి?" అని అడిగాను.

"సెలవు ఎన్నడిస్తరో అడుగు" అన్నాడు బాపు. "జల్ది రమ్మను."